పాత బేస్‌బాల్ కార్డు మీది మైనర్ లీగ్ ఆటగాడు ఎవరో కనుక్కోవడం ఎలా?

పాత బేస్‌బాల్ కార్డులు (ఆటగాళ్ల బొమ్మలతో సిగరెట్, మిఠాయి కంపెనీలు సరుకుతో పాటు ఇచ్చినవి) అనగానే అందరూ హోనస్ వాగ్నర్ అనే ప్రసిద్ధ ఆటగాడి పేరే చెబుతారు. అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 వరకు సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన, ఆయన కార్డు కూడా ఉన్న సెట్టును సేకర్తలు టీ206 అంటారు. అందులోని 524 కార్డుల్లో 134 కార్డుల మీద ఉన్నవారు మేజర్ లీగ్, అంటే పై స్థాయి, జట్లవారు కారు. రోచెస్టర్, మాంట్‌గోమరీ, మేకన్, ష్రీవ్‌పోర్ట్ వంటి ఊళ్ల తరఫున ఆడిన మైనర్ లీగ్, అంటే కింది స్థాయి, ఆటగాళ్లు. వాగ్నర్ గురించి రాయవలసిందంతా ఇప్పటికే రాసేశారు. వీళ్లలో కొందరి పూర్తి పేరైనా చాలాకాలం పాటు తేలలేదు. కార్డులు సేకరించేవాళ్లు చేయగల పనుల్లో అన్నిటికన్నా విలువైనది వీళ్లెవరో వెతికి తేల్చడమేనని నా నమ్మకం.

కార్డు మీద ఇంటిపేరు, ఊరు తప్ప సాధారణంగా మరేమీ ఉండదు. వెనక సిగరెట్ ప్రకటన. ‘రెడ్డి, కడప’ అని మాత్రమే రాసి ఉన్న వందేళ్ల నాటి ఫొటో చేతిలో పెట్టి ఈయన ఎవరని అడిగితే ఎంత చిక్కో, ‘స్మిత్, అట్లాంటా’ అన్నా అంతే చిక్కు. అందుకని మొదటే చెబుతున్నాను, పేరు పట్టుకుని వెతకడం మొదలుపెట్టకండి. ఊరు, లీగ్, సీజన్ ఈ మూడింటినీ ముందు ఖాయం చేసుకోండి. పేరు తప్పు కావచ్చు, మారుపేరు కావచ్చు, ఇద్దరిది ఒకటే కావచ్చు. ఫలానా జట్టు ఫలానా రోజున ఫలానా మైదానంలో ఆడిందన్న సంగతి మాత్రం మారదు. దాన్ని ఆధారంగా చేసుకుని ముందుకీ వెనక్కీ నడవాలి.

1. కార్డు ఏ సెట్టుదో తేల్చుకోండి

సెట్టు తెలిస్తే సంవత్సరం, లీగ్ దాదాపు తెలిసినట్టే. టీ206 వంటి ఈ అక్షరాలూ అంకెలూ జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త తన జాబితాలో పెట్టినవి. ‘ఎన్’ అంటే పంతొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డు, ‘టీ’ అంటే ఇరవయ్యో శతాబ్దపుది. ఆయన సేకరణ అంతా ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

మైనర్ లీగ్ వాళ్ల కోసం వెతికేవారికి ముఖ్యమైనవి కొన్నే. ఎన్172, అంటే ఓల్డ్ జడ్జ్ కార్డులు, 1880ల చివరివి. ముదురు గోధుమరంగు ఫొటోను అట్ట మీద అంటించి ఉంటుంది. వెస్టర్న్ అసోసియేషన్, కాలిఫోర్నియా లీగ్ అనే మైనర్ లీగ్‌ల ఆటగాళ్లు కూడా వాటిలో ఉన్నారు. ఎర్ర అంచులతో 1910లో వచ్చిన ఓల్డ్ మిల్ కార్డులు టీ210. ఎనిమిది సిరీస్‌లు, 640 కార్డులు, అన్నీ దక్షిణాది చిన్న లీగ్‌లవే. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న కేసీ స్టెంగెల్ మేజ్‌విల్ ఆటగాడిగా, జో జాక్సన్ న్యూ ఆర్లియన్స్ ఆటగాడిగా కనిపించేది ఈ సెట్టులోనే. టీ209 కాంటెంట్నియా వర్జీనియా, కరోలినా లీగ్‌లది. టీ211 రెడ్ సన్ సదరన్ అసోసియేషన్‌ది. పశ్చిమ తీరానికి టీ212 ఒబాక్ కార్డులున్నాయి. ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో మిఠాయి కంపెనీ 1911 నుంచి ఏళ్ల తరబడి ఇచ్చిన జీనట్ కార్డులు వచ్చాయి. వీటిలో 1911 ఒబాక్ ప్రత్యేకం. దాని వెనక ఆటగాడి గురించి నాలుగు మాటలు, గణాంకాలు ఉంటాయి కాబట్టి సగం శ్రమ తప్పుతుంది.

కార్డు మీద అచ్చయిన పేరును అక్షరాలా నమ్మవద్దు. 1933 జీనట్ కార్డు మీద తర్వాత మహా ప్రసిద్ధుడైన జో డిమాజియో పేరునే ‘డెమాజియో’ అని వేశారు. ఆయన విషయంలో అది తప్పని వెంటనే తెలుస్తుంది, ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోయిన మేకన్ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) విషయంలో తెలియదు.

టీ206 అయితే వెనకవైపు కూడా చూడండి. సదరన్ లీగ్‌ల ఆటగాళ్లు 48 మంది. వాళ్ల కార్డుల వెనక పీడ్‌మాంట్, ఓల్డ్ మిల్, కొందరికి గోధుమరంగు హిందూ సిగరెట్ బ్రాండుల ప్రకటనలు ఉంటాయి. మీ దగ్గర అసలు కార్డు లేకపోయినా ఫరవాలేదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన దగ్గరున్న బెంజమిన్ ఎడ్వర్డ్స్ సేకరణలోని సుమారు 2,100 కార్డులను రెండు వైపులా స్కాన్ చేసి ఉచితంగా అందుబాటులో ఉంచింది.

2. ఊరు నుంచి లీగ్‌కు

ఇక్కడ తొందరపడితే చివరిదాకా దారి తప్పుతారు. ‘కొలంబస్’ అని ఉందనుకోండి. ఒహాయోలోని కొలంబస్ జట్టు అమెరికన్ అసోసియేషన్‌లో ఆడేది. జార్జియాలోని కొలంబస్ జట్టు సౌత్ అట్లాంటిక్ లీగ్‌లో ఆడేది. టీ206లో రెండు ఊళ్ల ఆటగాళ్లూ ఉన్నారు. క్లైమర్ ఒహాయో వాడు, హెల్మ్ జార్జియా వాడు.

1909 నాటి పెద్ద మైనర్ లీగ్‌ల జట్లను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈస్టర్న్ లీగ్‌లో బాల్టిమోర్, బఫలో, జెర్సీ సిటీ, మాంట్రియల్, నెవార్క్, ప్రావిడెన్స్, రోచెస్టర్, టొరంటో. అమెరికన్ అసోసియేషన్‌లో కొలంబస్, ఇండియానాపొలిస్, కాన్సాస్ సిటీ, లూయిస్‌విల్, మిల్వాకీ, మినియాపొలిస్, సెయింట్ పాల్, టొలీడో. సదరన్ అసోసియేషన్‌లో అట్లాంటా, బర్మింగ్‌హామ్, లిటిల్ రాక్, మెంఫిస్, మొబీల్, మాంట్‌గోమరీ, నాష్‌విల్, న్యూ ఆర్లియన్స్. మిగతా దక్షిణాది ఊళ్లు వర్జీనియా లీగ్, సౌత్ అట్లాంటిక్ లీగ్, టెక్సస్ లీగ్‌లవి.

ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. కార్డు అచ్చయ్యే నాటికి ఆటగాడు జట్టు మారి ఉండవచ్చు. కార్డు సంవత్సరంతో పాటు దానికి ముందు సీజన్, తర్వాతి సీజన్ కూడా చూడాలి.

3. ఆ సీజన్ జట్టును కట్టండి

స్పాల్డింగ్, రీచ్ కంపెనీలు ఏటా వసంతంలో గడిచిన సీజన్ లెక్కలతో గైడ్లు వేసేవి. 1909 సీజన్ సగటులు కావాలంటే 1910 గైడ్ చూడాలి. లాస్ ఏంజెలెస్‌లోని ఎల్‌ఏ84 ఫౌండేషన్ డిజిటల్ లైబ్రరీలో ఈ గైడ్లు ఉచితంగా చదవవచ్చు. గైడ్లలో అంకెలకన్నా నాకు ఎక్కువ ఉపయోగపడేవి జట్ల గ్రూపు ఫొటోలు. ఒక్కొక్క ముఖం మీద అంకె, కింద ఆ అంకెకు పేరు ఉంటాయి. కార్డు మీది ముఖాన్ని దానితో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. చెవులు, గడ్డం ఆకారం, ముక్కు చూడండి. టోపీ, జుట్టు నమ్మదగినవి కావు.

ఆ తర్వాత బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైటులో మైనర్ లీగ్ విభాగానికి వెళ్లి ఆ జట్టు, ఆ సంవత్సరం పేజీ తెరవండి. ఆటగాడి పేరు కాదు, జట్టు పేజీ. అక్కడ ఆ ఇంటిపేరు గలవారు ఎందరున్నారో చూడండి. ఈ సమాచారం చాలావరకు అమెరికన్ బేస్‌బాల్ పరిశోధన సంఘం, అంటే సేబర్ సభ్యులు దశాబ్దాలుగా పోగుచేసినది. 1971లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో మొదలైన ఆ సంఘానికి ఈ రంగంలో పనిచేసే ప్రతివారూ రుణపడి ఉన్నారు. అయినా అక్కడ కనిపించేది తుది తీర్పు అనుకోకండి. ఇంటిపేరు ఒకటే కావడంతో ఇద్దరు ఒకే పేజీలో కలిసిపోయి ఉండవచ్చు. ఒకడే రెండు పేజీల్లో విడిపోయి ఉండవచ్చు.

టీ206లో ‘జాక్సన్, బాల్టిమోర్’ కార్డే చూడండి. జాక్సన్ అనగానే జో జాక్సన్ గుర్తొస్తాడు. కానీ 1909లో జో జాక్సన్ సవానాలో, సౌత్ అట్లాంటిక్ లీగ్‌లో ఆడుతున్నాడు. బాల్టిమోర్ జట్టు ఈస్టర్న్ లీగ్‌ది. ఆ జట్టు ఆ సీజన్ జాబితా తీస్తే కనిపించేది జిమ్మీ జాక్సన్ అనే అవుట్‌ఫీల్డర్ (మైదానం వెనక భాగంలో ఫీల్డింగ్ చేసేవాడు). అంతకుముందు న్యూయార్క్ జెయింట్స్‌కు, క్లీవ్‌లాండ్‌కు ఆడినవాడు. ఊరు, సీజన్ ముందు చూసినవాడికి ఇది పది నిమిషాల పని. పేరు ముందు చూసినవాడు తప్పు మనిషికి డబ్బు పెడతాడు.

కార్డు మీద మైనర్ లీగ్ ఊరున్నంత మాత్రాన ఆటగాడు అనామకుడని అనుకోకండి. కాన్సాస్ సిటీ బెక్లీ, మినియాపొలిస్ కాలిన్స్, టొరంటో కెల్లీ, నెవార్క్ మెగినిటీ నలుగురూ గొప్ప ఆటగాళ్లకు గౌరవస్థానమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. కెరీర్ చివర్లో ఈ జట్లకు వచ్చారు. న్యూ ఆర్లియన్స్ బ్రైటెన్‌స్టైన్ 1891లో మేజర్ లీగ్‌లో పిచర్‌గా మొదటిసారి ఆట ప్రారంభించిన రోజునే ప్రత్యర్థికి ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వలేదు. లించ్‌బర్గ్ ఆర్త్ మేజర్ లీగ్‌లలో 204 ఆటలు గెలిచిన పిచర్. ఇటువంటివారి వివరాలు సులువుగానే దొరుకుతాయి. అసలు పరీక్ష మిగతావారితో.

4. పత్రికల్లోకి దిగండి

ఈ పరిశోధనకు ప్రాణం ఇక్కడే ఉంది. మీ సమయంలో సగానికి పైగా దీనికే ఇవ్వండి.

ముందు స్పోర్టింగ్ లైఫ్. ఫిలడెల్ఫియా నుంచి 1883 మొదలు 1917 దాకా వచ్చిన వారపత్రిక. ఇది కూడా ఎల్‌ఏ84 దగ్గర దొరుకుతుంది. మైనర్ లీగ్‌లను పాలించే నేషనల్ అసోసియేషన్ కార్యదర్శి జాన్ ఫారెల్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ నుంచి జారీ చేసే ప్రకటనలు అందులో పడేవి. ఎవరు ఏ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు, ఎవరిని వదిలేశారు, ఎవరిని సస్పెండ్ చేశారు అనే జాబితాలవి. చదవడానికి విసుగు పుడుతుంది. కానీ కార్డులో లేని మొదటి అక్షరాలు చాలాసార్లు దొరికేది అక్కడే.

తర్వాత స్థానిక పత్రికలు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి పాత పత్రికల సంచయం క్రానిక్లింగ్ అమెరికా ఉచితం. పశ్చిమ తీరం ఆటగాళ్లకు కాలిఫోర్నియా డిజిటల్ న్యూస్‌పేపర్ కలెక్షన్, టెక్సస్ లీగ్‌కు పోర్టల్ టు టెక్సస్ హిస్టరీ, వర్జీనియా లీగ్‌కు వర్జీనియా క్రానికల్, ఉత్తర కరోలినాకు డిజిటల్ ఎన్‌సీ, జార్జియాకు ఆ రాష్ట్రపు చారిత్రక పత్రికల సంచయం. ఇవన్నీ ఉచితమే. హైదరాబాద్‌లో కూర్చుని కూడా చదవవచ్చు. డాలస్, హ్యూస్టన్‌లలో స్థిరపడిన తెలుగువారికి ఇంకొక సౌలభ్యం. మీ ఊళ్లు రెండూ టీ206లో ఉన్నాయి. అక్కడి ప్రజా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని, డబ్బు కట్టి చదవవలసిన పత్రికలు అక్కడ ఉచితంగా దొరుకుతాయేమో అడిగి చూడండి.

వెతికే పద్ధతి ముఖ్యం. పాత అచ్చును కంప్యూటర్ సరిగా చదవలేదు. పైగా బాక్స్ స్కోర్లో (ఒక ఆటలో ఎవరెవరు ఏం చేశారో చూపే పట్టికలో) పేరుకు ఇచ్చిన చోటు చాలా ఇరుకు. బ్రైటెన్‌స్టైన్ వంటి పొడుగు పేరును మధ్య అక్షరాలు తీసేసి, గుర్తు పెట్టి కుదించేవారు. కాబట్టి పేరు వెతికితే దొరక్కపోవచ్చు. జట్టు ముద్దుపేరు, ఆడే స్థానం, ఊరు కలిపి వెతకండి. అదీ కుదరకపోతే తేదీలవారీగా క్రీడల పేజీ తెరిచి కళ్లతో చదవండి. అదే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

బాక్స్ స్కోర్ దొరికితే దాన్ని నిదానంగా చూడండి. పేరు పక్కన ఆడిన స్థానం, తర్వాత వరసగా బ్యాటింగ్ అవకాశాలు, పరుగులు, హిట్లు, పుటవుట్లు (అవుట్ చేసినవి), అసిస్టులు (అవుట్‌కు తోడ్పడినవి), ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు). ఒక కాగితం మీద తేదీ, ఊరు, స్థానం రాసుకుంటూ పోండి. ఒకే రోజున ఒకే ఇంటిపేరు రెండు ఊళ్లలో కనిపిస్తే వాళ్లు ఇద్దరు మనుషులు. ఇంతకన్నా గట్టి రుజువు ఉండదు. టీ206లో హార్ట్ అనేవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు లిటిల్ రాక్, ఒకరు మాంట్‌గోమరీ. రెండూ ఒకే లీగ్ జట్లు. ఆ రెండు జట్లు తలపడిన రోజు స్కోర్లో రెండు వైపులా ‘హార్ట్’ కనిపిస్తే కంగారుపడకండి. లిటిల్ రాక్ బిల్ హార్ట్ 1886లోనే మేజర్ లీగ్‌కు చేరిన పాత పిచర్.

ఆటల వార్తల కన్నా ఆట లేని నెలల వార్తలు ఎక్కువ చెబుతాయి. నవంబరు నుంచి మార్చి దాకా పత్రికలు తప్పకుండా తిరగేయండి. ‘మన షార్ట్‌స్టాప్ శీతకాలం ఫలానా ఊళ్లో తల్లిదండ్రుల దగ్గర గడుపుతున్నాడు’, ‘ఫలానా అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు’, ‘రైల్వేలో పనికి కుదిరాడు’ వంటి రెండు వరసల వార్తలు అక్కడ ఉంటాయి. సొంత ఊరు తెలిసిందంటే మీరు కార్డు నుంచి మనిషి దగ్గరికి చేరినట్టే.

5. ప్రభుత్వ రికార్డులు

వంశవివరాల వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్‌లో ఉచిత ఖాతా తెరవండి. మీకు కావలసినవాటిలో చాలావరకు అక్కడ ఉన్నాయి.

జనాభా లెక్కల తేదీలు గుర్తుంచుకుంటే వాటిని ఎలా చదవాలో తెలుస్తుంది. 1900 లెక్కల్లో పుట్టిన నెల, సంవత్సరం రెండూ ఉంటాయి. పత్రికలో చెప్పిన వయసుతో పోల్చడానికి అది మంచి ఆధారం. 1910 లెక్కలు ఏప్రిల్ 15 నాటివి, అప్పటికి ఆటగాళ్లు జట్లతో ఉంటారు. సొంత ఊళ్లో కనపడకపోతే జట్టు ఊళ్లోని బోర్డింగ్ ఇళ్లలో వెతకండి. వృత్తి గడిలో బంతి ఆటగాడు అని రాసి ఉన్న వరస దొరకవచ్చు. 1920 లెక్కలు జనవరి 1 నాటివి, ఆ వేళకు అందరూ ఇళ్లలోనే ఉంటారు. 1890 లెక్కలు దాదాపు అన్నీ పోయాయి. 1921లో జరిగిన అగ్నిప్రమాదం ప్రధాన కారణం. అందుకే ఓల్డ్ జడ్జ్ ఆటగాళ్లను పట్టుకోవడం కష్టం, వాళ్లకు సిటీ డైరెక్టరీలే (ఊరివారి పేర్లు, చిరునామాల పుస్తకాలు) దిక్కు.

టీ206 కాలం వారికి అన్నిటికన్నా పనికొచ్చేవి మొదటి ప్రపంచయుద్ధపు సైనిక నమోదు కార్డులు. సుమారు 2 కోట్ల 40 లక్షల మంది నమోదయ్యారు. 1917 జూన్ 5న 21 నుంచి 30 ఏళ్లవారిని పిలిచారు. ఆ కార్డులో పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, వృత్తి, యజమాని, తన మీద ఆధారపడినవారు ఎవరు అన్నవి ఉంటాయి. వెనకవైపు ఎత్తు, ఒడ్డూ పొడుగూ, కళ్ల రంగు, జుట్టు రంగు. యజమాని చోట బేస్‌బాల్ క్లబ్ పేరు ఉంటే మీ వెతుకులాట అక్కడే ఒక కొలిక్కి వస్తుంది. 1918 సెప్టెంబరు 12 నాటి నమోదు 18 నుంచి 45 ఏళ్ల వరకు మిగిలినవారందరికీ. అప్పటికి 31 నుంచి 45 మధ్య ఉన్నవారు 1909లో 22 నుంచి 36 మధ్య ఉంటారు, అంటే కార్డుల మీది ఆటగాళ్లలో ఎక్కువమంది. ఈ కార్డులో పుట్టిన ఊరు అడగలేదు, కానీ దగ్గరి బంధువు పేరు, చిరునామా అడిగారు. దాన్ని వదలకండి. తల్లి పేరో భార్య పేరో తెలిస్తే జనాభా లెక్కల్లో ఆ కుటుంబం దొరుకుతుంది.

రెండో ప్రపంచయుద్ధంలో 1942 ఏప్రిల్ 27న 45 నుంచి 64 ఏళ్లవారినీ నమోదు చేశారు. అందులో పుట్టిన ఊరూ ఉంటుంది. అయితే అలబామా, ఫ్లోరిడా, జార్జియా, కెంటకీ, మిసిసిపీ, రెండు కరోలినాలు, టెన్నెసీ రాష్ట్రాల ఆ కార్డులను తర్వాత నాశనం చేశారు. సదరన్ లీగ్‌ల ఆటగాళ్ల కోసం వెతికేవారికి ఇది పెద్ద దెబ్బ. ఆట మానేశాక ఉత్తరాదికి వెళ్లినవారికి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

మరణ ధ్రువీకరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లుంటాయి. స్థానిక పత్రికలో సంతాప వార్త ఉంటే అందులో ‘ఒకప్పటి బంతి ఆటగాడు’ అనే మాట కోసం చూడండి. సమాధుల వెబ్‌సైట్లలో ఎవరైనా ఏదైనా రాయవచ్చు, రాయి ఫొటో ఉంటేనే లెక్కలోకి తీసుకోండి.

6. ఇద్దరూ ఒకడేనా?

పత్రికలో దొరికిన ఆటగాడు, రికార్డులో దొరికిన మనిషి ఒకరేనని నిరూపించడం వేరే పని. ఎక్కువమంది దీన్ని దాటేస్తారు. పేరు, వయసు కలిస్తే చాలదు. ఒకదాని నుంచి మరొకటి ఎత్తిరాసుకోని రెండు ఆధారాలు కావాలి. శీతకాలపు వార్తలో సొంత ఊరు, నమోదు కార్డులో వృత్తి. లేదా పెళ్లి వార్తలో భార్య పేరు, 1920 లెక్కల్లో అదే పేరు.

ముద్దుపేర్ల విషయంలో మరీ జాగ్రత్త. టీ206లో శాన్ ఆంటోనియో డాలీ స్టార్క్ ఉన్నాడు, అసలు పేరు మన్రో స్టార్క్, 1924లో చనిపోయాడు. నేషనల్ లీగ్‌లో తర్వాత పేరు తెచ్చుకున్న డాలీ స్టార్క్ అనే అంపైర్ వేరే మనిషి.

మారుపేర్ల బెడద కూడా ఉంది. కాలేజీలో ఆడే కుర్రాళ్లు వేసవిలో డబ్బు తీసుకుని ఆడితే కాలేజీ జట్టులో చోటు పోయేది, కాబట్టి పేరు మార్చుకునేవారు. తర్వాత ప్రసిద్ధుడైన ఎడ్డీ కాలిన్స్ 1906లో ఫిలడెల్ఫియాకు ‘సల్లివాన్’గా ఆడాడు. జిమ్ థోర్ప్ ఉత్తర కరోలినాలో 1909, 1910లలో డబ్బు తీసుకుని సొంత పేరుతోనే ఆడాడు. ఆ కారణంగానే 1912 ఒలింపిక్ పతకాలు 1913లో పోగొట్టుకున్నాడు. మీ ఆటగాడు జూన్‌లో హఠాత్తుగా కనిపించి సెప్టెంబరులో మాయమైతే, ముందూ వెనకా ఎక్కడా జాడ లేకపోతే, దగ్గరి కాలేజీల జట్ల ఫొటోలు చూడండి.

ఇంకొక సంగతి చెప్పాలి. ఈ లీగ్‌లు నల్లజాతి ఆటగాళ్లను రానివ్వలేదు. 1880లలో కొందరు ఆడినా 1887లో ఇంటర్నేషనల్ లీగ్ అనే మైనర్ లీగ్ కొత్తగా నల్లజాతివారెవరినీ తీసుకోకూడదని తీర్మానించింది. ఆ ఊళ్లలోనే ఆడిన నల్లజాతి జట్ల వార్తలు మీకు అదే పత్రికల్లో తగులుతాయి. వాళ్లకు కార్డులు లేవు. ఆ కత్తిరింపులను కూడా దాచి పెట్టండి, వాటి కోసం వెతికేవారు ఉన్నారు.

7. దొరికింది రాసిపెట్టండి

ప్రతి ఆధారానికీ పత్రిక పేరు, తేదీ, పేజీ, నకలు కలిపి ఉంచండి. లింకు ఒక్కటే ఉంచుకుంటే రేపు అది పనిచేయకపోవచ్చు. నిశ్చయంగా తెలిసినది ఒక రంగులో, అనుమానం ఉన్నది ఇంకొక రంగులో రాసుకోవడం నాకు అలవాటు. అవి కలిసిపోతే మళ్లీ విడదీయడం చాలా కష్టం.

ఆట ముగిసినంత మాత్రాన ఆపేయకండి. టీ206లో రోనోక్ ఆటగాడిగా ఉన్న షాగ్ షాక్నెసీ తర్వాత కెనడాలో మెగిల్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కోచ్ అయ్యాడు. 1936 నుంచి 1960 దాకా ఇంటర్నేషనల్ లీగ్ అధ్యక్షుడిగా ఉన్నాడు. మైనర్ లీగ్‌లలో మొదటి నాలుగు జట్లు ప్లేఆఫ్‌లు ఆడే పద్ధతి ఆయన పేరుతోనే పిలుస్తారు. కార్డు దగ్గరే ఆగిపోయి ఉంటే మీకు కనిపించేది వర్జీనియా లీగ్‌లోని ఒక అవుట్‌ఫీల్డర్ మాత్రమే.

ఆటగాడు ఒక్క రోజైనా మేజర్ లీగ్‌లో ఆడి, పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ వంటివి లెక్కల్లో లేకపోతే సేబర్ జీవిత వివరాల కమిటీకి ఆధారాలతో రాయండి. వాళ్లు పరిశీలించి రికార్డులు సరిచేస్తారు. కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ గ్రంథాలయంలో ఆటగాళ్ల పేరిట ఫైళ్లున్నాయి, ఉత్తరం రాసి అడగవచ్చు. మనవలు, మునిమనవలు దొరికితే మొదటి ఉత్తరంలో ఏమీ అడగకండి. మీ దగ్గరున్న కార్డు స్కాను, పత్రికల్లో దొరికిన వార్తల నకళ్లు పంపండి. ఇంట్లో ఫొటోలు, ఉత్తరాలు ఏమైనా ఉన్నాయా అన్న ప్రశ్న వాళ్ల జవాబు వచ్చాక రెండో ఉత్తరంలో అడగండి. వాళ్లు ఒప్పుకుంటే తప్ప బతికి ఉన్నవారి పేర్లు ఎక్కడా రాయకండి.